నేపర్‌విల్‌లో కాపురం పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, విజయవాడ నుంచి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అల్లుడుగారికి షికాగోలో ఉద్యోగం ఖాయమైందనీ, నవంబరులో మీరు ఆ నగర శివారు ఊరైన నేపర్‌విల్‌లో ఇల్లు అద్దెకు తీసుకొని చంటివాడితో కాపురం పెట్టబోతున్నారనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేసి చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు నేను తిరిగిన వీధులలో ఇక నీవు తిరుగుతావంటే గర్వంగానే ఉంది. అయినా తెల్లవారేదాకా నాకు నిద్ర పట్టలేదు. వెళ్ళడానికి నవంబరే దొరికిందా మీకు?

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. చలికోట్లు హైదరాబాదులో కొనవద్దు, అక్కడి చలి ఏమిటో ఇక్కడి దుకాణాలకు తెలియదు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది కనుక పిల్లవాణ్ణి మధ్యాహ్నమే బయట తిప్పు. ప్రతి నెలా మొదటి మంగళవారం ఉదయం పది గంటలకు మోగే సుడిగాలి హెచ్చరిక సైరన్, పరీక్ష కోసం మాత్రమే. వేరే వేళ మోగితే పిల్లవాణ్ణి చంకనెత్తుకొని బేస్‌మెంట్‌లోకి దిగిపో, కిటికీ దగ్గర నిలబడి వింత చూడకు. 1990 ఆగస్టు 28న సుడిగాలి పక్క ఊరైన ప్లెయిన్‌ఫీల్డ్ మీద పడి 29 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజు ముందుగా ఏ సైరనూ మోగలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది మీ నాన్నకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

1979 నుంచి మేము షికాగో నగరంలోనే, డెవాన్ అవెన్యూకు దగ్గరలో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. అక్కడ వేడి సంగతి ఇంటి యజమానే చూసుకునేవాడు. గోడవారన రేడియేటర్ బుసలు కొడుతూ ఉండేది, అది ఆగితే ఏమవుతుందో ఆలోచించే అవసరమే మాకు రాలేదు. 1984 వేసవిలో నేపర్‌విల్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. ఆ డిసెంబరులో మీ తాతయ్య సంవత్సరీకానికి బయలుదేరుతూ, గది విడిచి వచ్చేటప్పుడు ఫ్యాను కట్టేయడం నేర్చిన చేతితోనే ఇంటిని వేడిచేసే ఫర్నేసు కూడా కట్టేశాను. మనుషులు లేని ఇంటికి ఐదు వారాలు వేడి ఎందుకు, ఆ గ్యాసు డబ్బుతో అమ్మకు ఒక చీర వస్తుందని లెక్క వేశాను. మీ మామయ్య సందేహించారు. నేనే ఆయన మాట కొట్టిపారేశాను.

మేము ఇక్కడ ఉన్న ఆ రోజుల్లోనే, 1985 జనవరి 20న, షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 27 ఫారెన్‌హీటుకు, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 33కు పడిపోయింది. ఆ నగరం రికార్డులలో అంతకంటె తక్కువ ఉష్ణోగ్రత ఈనాటికీ లేదు. గడ్డకట్టిన నీరు నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగుతుందని కాలేజీలో చదివినదాన్నే, కానీ ఆ పెరుగుదల వంటింటి సింకు వెనుక రాగి గొట్టాన్ని చీల్చేస్తుందని ఊహించలేకపోయాను. తిరిగి వచ్చి తలుపు తీసేసరికి వంటింటి చెక్కనేల ఉబ్బిపోయి ఉంది, బేస్‌మెంట్‌లో మోకాలి లోతు నీళ్ళు, వాటి మీద పలుచని మంచుపొర. మెట్ల కింద, నేలమీదనే, మీ తాతయ్య నాలుగేళ్ళపాటు నాకు రాసిన ఉత్తరాల అట్టపెట్టె ఉండేది. చోటు చాలక అంచులలో కూడా కాగితం అడ్డంగా తిప్పి, సిరా కలంతో రాసిన నీలి ఏరోగ్రాములు అవి. ఎత్తబోతే పెట్టె అడుగు ఊడి, ముద్ద చేతికి వచ్చింది. ఒక్కొక్కటే విడదీసి ఆరబెడుతూ రెండు రోజులు కూర్చున్నాను. మరకలు తప్ప అక్షరాలు మిగలలేదు. వేడి ఉంచకపోవడం మా తప్పేనని బీమా సంస్థ పైసా ఇవ్వలేదు. వాళ్ళను అనడానికి ఏముంది.

అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి చేశామని వారం తరువాత గానీ తెలియలేదు. ఎదురింటి పెద్దాయన వచ్చి, మా బేస్‌మెంట్ కిటికీకి లోపలి వైపున మంచు పేరుకోవడం ఎన్నడో చూశాననీ, మూడుసార్లు తలుపు తట్టాననీ, మా ఫోను నంబరు గానీ తాళంచెవి గానీ వీధిలో ఎవరి దగ్గరా లేకపోవడంతో ఊరుకున్నాననీ చెప్పారు. కారులోంచి చెయ్యి ఊపడమే తప్ప, ఆరు నెలలలో నేను ఆయన పేరైనా అడగలేదు. ఆ వీధులలో పిలవకుండా ఎవరూ ఎవరింటికీ రారు. గరాజ్ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది, అంతే. దానిని నేను పొగరనుకున్నాను, వాళ్ళకు అది మర్యాద. బెజవాడలో మన తాళంచెవి ఏ గూట్లో ఉంటుందో వీధిలో సగం మందికి తెలుసు. అటువంటి ఇంట్లో పుట్టి, అక్కడ పరాయివాళ్ళకు తాళం ఎలా ఇస్తామని బిగదీసుకొని కూర్చున్నాను. ఆ తరువాత మా తాళంచెవి ఇరవై ఏళ్ళు ఆయన వంటింటి కొక్కేనికే వేలాడింది.

కనుక మొదటి వారంలోనే ఏదైనా తీపి చేసుకొని ఎదురింటికి వెళ్ళు. పులిహోర వద్దు, ఎండుమిరపకాయ కొరికి కంగారు పడతారు; కొబ్బరి బిళ్ళలు తీసుకెళ్ళు. అరోరా బాలాజీ గుడికీ వెళ్ళు, మేము దిగేనాటికి లేని భాగ్యం అది, తెలుగువాళ్ళు ఎందరో కలుస్తారు. కానీ వాళ్ళు తలా ఒక ఊళ్ళో ఉంటారు, గొట్టం పగిలిన రాత్రికి కావలసినది ఎదురిల్లు. చలికాలంలో ఊరు వెళ్ళవలసి వస్తే ఇంటి వేడిని అమర్చే థర్మోస్టాట్‌ను 55 ఫారెన్‌హీటుకు తగ్గనివ్వక, నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టి వెళ్ళండి. ఇంట్లో ఉన్నా, ఎముకలు కొరికే రాత్రులలో సింకు కింది అలమర తలుపులు తెరిచి, కుళాయిని సన్నగా కారనివ్వండి.

నిన్ను భయపెట్టాలని కాదమ్మా. పెళ్ళిలో చెప్పు తెగితే ఎవరికీ చెప్పకుండా వట్టికాళ్ళతో తిరిగిన పిల్లవు నీవు. సాయం అడగడానికి నాలాగే సిగ్గుపడతావని తెలిసే ఇంత రాశాను. వసంతం రాగానే పిల్లవాణ్ణి డ్యూపేజ్ నది వెంట రివర్‌వాక్ మీద నడిపించు, బాతులను చూసి వాడు ఇంటికి రానంటాడు.

దిగిన రోజున పెట్టెలు విప్పకముందే బేస్‌మెంట్‌లోకి వెళ్ళి, ఆ వాల్వ్ ఏ గోడకు ఉందో చూసి, అల్లుడుగారి చేత ఒకసారి తిప్పించి, ఫోటో తీసి నాకు పంపు. ఎదురింటివాళ్ళ పేరు కూడా రాయి.

ఇట్లు,
అత్తయ్య