ఫుట్‌బాల్‌లో త్రో-ఇన్ వేసేవాడి ముందు ఎంత దూరంలో నిలబడాలి?

మీ అబ్బాయి త్రో-ఇన్ (పక్క గీత దాటి బయటికెళ్లిన బంతిని చేతులతో లోపలికి విసరడం) వేస్తుంటే అవతలి టీమ్ కుర్రాడు మీదమీదకొచ్చి చేతులూపాడని, అది తప్పా కాదా అని అడిగారు కదండీ. ముమ్మాటికీ తప్పే. ఫుట్‌బాల్ 15వ రూల్ ప్రకారం, టచ్‌లైన్ (మైదానం పక్క గీత) మీద బంతి వేయాల్సిన చోటికి అవతలి టీమ్ వాళ్లు కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలి. కొలత ఆ గీత నుంచే; మీవాడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డా అవతలివాడు గీత దాకా రాకూడదు. వచ్చి అడ్డుపడితే ఎల్లో కార్డ్. అప్పటికే బంతి వేసేసి ఉంటే, దాంతోపాటు మీ టీమ్‌కి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ చేయడానికి వీల్లేని ఫ్రీ కిక్) కూడా.

ఈసారి టెన్షన్ పడి వేసేయొద్దని చెప్పండి. బంతి చేతిలోనే పట్టుకుని రిఫరీ వైపు చూసి, "సర్, 2 మీటర్లు" అని అడగాలి. కోపంతో అవతలివాడి మొహానికేసి బలంగా కొడితే మాత్రం కార్డ్ మీవాడికే పడుతుంది!