అమెరికన్ జాజ్ సంగీతకారుడు చార్లీ హేడెన్‌ను పోర్చుగల్‌లో ఎందుకు అరెస్టు చేశారు?

వేదిక మీద చెప్పిన ఒక్క మాటకి. 1971 నవంబరులో కష్‌కైష్ జాజ్ ఉత్సవంలో శాక్సోఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ బృందంతో బేస్ (మంద్రంగా పలికే పెద్ద తంత్రీవాద్యం) వాయిస్తూ, చే గువేరా మీద తను కట్టిన బాణీని అంగోలా, మొజాంబిక్, గినీ-బిస్సావ్ నల్లజాతి విముక్తి ఉద్యమాలకు అంకితమిచ్చాడు. అప్పట్లో పోర్చుగల్ నియంతృత్వ ప్రభుత్వం ఆఫ్రికాలోని తన వలసలైన ఆ మూడు చోట్లా యుద్ధం చేస్తోంది! జనం హోరెత్తారు. మర్నాడు లిస్బన్ ఎయిర్‌పోర్టులో రహస్య పోలీసులు పట్టుకెళ్లి ప్రశ్నించారు. అమెరికా రాయబార కార్యాలయం కల్పించుకున్నాకే వదిలారు.

ఆవేశంలో నోరుజారిన మాట కాదది. వియత్నాం యుద్ధం మీద కోపంతోనే 1969లో లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా పెట్టాడు. సంగీతకర్త కార్లా బ్లే సమకూర్చిన వాద్య అమరికలతో స్పెయిన్ అంతర్యుద్ధ గీతాలు వాయించారు. 2005లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మళ్లీ ఆల్బమ్ చేశాడు.

నిజానికి ఇతను అయోవాలో పుట్టిన పల్లెపాటల కుటుంబం పిల్లాడు, పసితనంలోనే రేడియోలో పాడేవాడు. పోలియో వల్ల గొంతు దెబ్బతిన్నాక బేస్‌లోకి పూర్తిగా దిగాడు. 1959లో న్యూయార్క్‌లో కోల్‌మన్ ముందుగా అనుకున్న కార్డ్స్ (కలిపి పలికే స్వరాల గుంపులు) వరసను పక్కనపెడితే, హేడెన్ ఆయన స్వరాన్ని వింటూ కింద అప్పటికప్పుడు ఆధారం అల్లేవాడు. నా దృష్టిలో అతని గొప్పతనమంతా ఆ వినడంలోనే ఉంది. 2014లో చనిపోయాడు.