చేప వేపుడుకి అంత బెంగ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుతున్నాడు. అక్కడి పెద్దవాళ్ళు చిన్నప్పటి ఫిష్ అండ్ చిప్స్ షాపు గురించి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారట. అందులో అంత ఏముందండీ?

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. నేను ఆ వైపు కొన్నేళ్ళు ఉన్నాను. శుక్రవారం సాయంత్రం వీధి చివర షాపు ముందు క్యూ, తలుపు తీయగానే ముఖానికి తగిలే వేడి, వెనిగర్ వాసన, మన వేలంత లావు బంగాళాదుంప ముక్కలు, వాటి మీద పిండిలో ముంచి కరకరలాడేలా వేయించిన కాడ్ చేపో హాడక్ చేపో... అన్నీ కాగితంలో చుట్టి ఇస్తే చలిలో ఆ పొట్లం పట్టుకుని నడవడమే ఒక సుఖం! 1980ల దాకా పైన చుట్టేది పాత న్యూస్‌పేపరే, మన మిరపకాయ బజ్జీల పొట్లంలాగే. డబ్బులు తక్కువున్న పిల్లలు నూనెలో విడిపోయిన పిండి పలుకులు అడిగి తినేవాళ్ళు, లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో వాటిని స్క్రాప్స్ అంటారు, చాలాచోట్ల ఊరికే ఇచ్చేవాళ్ళు. నా లెక్కలో చేప కన్నా అవే రుచి.

ఇంకో సంగతి, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ చాలా తిండి సరుకులకి రేషన్ పెట్టినా ఫిష్ అండ్ చిప్స్‌కి పెట్టలేదు. ఆ ఆకలి రోజుల్లో కడుపు నింపిన తిండి కదా, తాతలు అంత తేలిగ్గా ఎలా మర్చిపోతారు?

అన్నట్టు, యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. మీరు తినకపోతే అబ్బాయిని ముందే అడగమనండి, షాపువాళ్ళు చెబుతారు.