ఫీజు కట్టేశాం కదా, ఇంకేం బాకీ?

ప్రశ్న: అమెరికాలో ఎం.ఎస్. చేసి, కొన్నేళ్లు అక్కడే ఉద్యోగం చేసి, విజయవాడ వచ్చేశాను. చదివిన యూనివర్సిటీ నుంచి చందా అడుగుతూ మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. "బ్యాంకు లోను మొన్ననే తీరింది, మళ్లీ వాళ్లకా?" అంటారు నాన్న. నాకేమో పూర్తిగా వదిలేయబుద్ధి కావడం లేదు. మీరు కాన్సాస్‌లో పీహెచ్‌డీ చేశానని ఇదివరకు రాశారు. మీకు ఇంకా ఆ యూనివర్సిటీతో రాకపోకలున్నాయా, మేడమ్?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మీ నాన్నగారి పక్షాన ఒక మాటమ్మా. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ రాష్ట్రం పిల్లలకి ఒక ఫీజు, మనవాళ్లకి చాలాచోట్ల దానికి రెండింతలో మూడింతలో. అప్పు తీర్చిన చేత్తోనే చందా రాయమంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. పంపకపోతే మీ డిగ్రీకి వచ్చిన నష్టం లేదు.

కాకపోతే ఆ మెయిళ్లు ఎవరు రాస్తున్నారో చూడండి. చందాలు వసూలు చేసే ఆఫీసు వేరు, పాఠం చెప్పిన డిపార్ట్‌మెంటు వేరు. మొదటిచోట మీరు జాబితాలో ఒక పేరు. రెండోచోట మీ థీసిస్ గుర్తున్న మనిషి ఒక్కరైనా ఉంటారు. నా రాకపోకలన్నీ ఆ రెండోచోటుతోనే.

నేను చదివింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. ఊరు మాన్‌హాటన్. ఆ పేరు విని మా పెద్దత్తయ్య నేను న్యూయార్క్ మేడల మధ్య ఉంటున్నానని వాడంతా చెప్పుకుంది. ఇది ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టల నడుమ చిన్న ఊరు. న్యూయార్క్‌ని 'బిగ్ ఆపిల్' అంటారు కాబట్టి, దీన్ని వాళ్లే వేళాకోళంగా 'లిటిల్ ఆపిల్' అంటారు. ఆ ఊరితో నాకంటే ముందు మన వ్యవసాయ యూనివర్సిటీ ఉన్న రాజేంద్రనగర్‌కి చుట్టరికం ఉంది. 1950ల్లో అమెరికా సాయం కింద కాన్సాస్ అధ్యాపకులు హైదరాబాద్ వచ్చి పనిచేశారు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తీసుకున్న నమూనా కూడా అలాంటి అమెరికన్ యూనివర్సిటీలదే: బోధన, పరిశోధన, రైతు దగ్గరికి వెళ్లే విస్తరణ, మూడూ ఒకేచోట. (ఇప్పుడది రెండైంది. ఇక్కడ జయశంకర్ గారి పేరు, గుంటూరు వైపు రంగా గారి పేరు.) నేను వెళ్లిన కొత్తల్లో, రిటైరైన ప్రొఫెసరుగారొకరు రాజేంద్రనగర్ మే నెల ఎండ ఎలా ఉంటుందో నాకే వర్ణించి చెప్పారు!

నా పని జొన్న మీద. కాన్సాస్‌లో జొన్నని మైలో అంటారు, చాలావరకు పశువుల దాణాకే పోతుంది. నేను తిరిగొచ్చాక మా గైడు ఓసారి పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కి పనిమీద వచ్చి, ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చారు. అమ్మ జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. ఉద్యోగమంతా జొన్న మీదే గడిపిన మనిషి, రొట్టెగా తినడం అదే మొదలట. రెండోది అడిగి వేయించుకుని, నములుతూనే "ఇది ఏ రకం?" అన్నారు. మాల్దండి, అంటే ఎం 35-1. రొట్టెకి దాని తర్వాతే ఏదైనా అని మావాళ్ల పట్టుదల. గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ అనే పదార్థం లేని ఈ పిండి వేడినీళ్లు పోస్తే ఎందుకు సాగుతుంది, ఒక గింజ రొట్టె మెత్తగా ఉంటే ఇంకో గింజది ఎందుకు విరుగుతుంది అని కొన్నేళ్లపాటు మా మధ్య ఉత్తరాలు నడిచాయి. గింజలు కవర్లో పెట్టి పంపుకునే వీలు లేదు, దేశాల మధ్య తిరిగే విత్తనాలకి తెగుళ్లు లేవని పరీక్షించే ఎన్‌బీపీజీఆర్ క్వారంటైన్ దాటాలి. గింజల కంటే ఫారాలే ఎక్కువ బరువు తూగేవి. ఆ ఉత్తరాల పుణ్యమా అని మా విద్యార్థులు కొందరికి అక్కడ అసిస్టెంట్‌షిప్పులొచ్చాయి. గైడు పోయారు. ఆయన శిష్యుడొకరు ఇప్పుడక్కడ ప్రొఫెసరు. మా రబీ జొన్న ఎలా ఉందని అడుగుతూ ఇప్పటికీ రాస్తాడు, రిటైరైనదాన్ని నాకేం తెలుసని!

చందా సంగతంటారా, ఉద్యోగం చేసినన్నాళ్లూ పైసా పంపలేదు. ఇద్దరు పిల్లల చదువులకే జీతం చాలేది కాదు. ఇప్పుడు అప్పుడప్పుడూ కొంచెం పంపుతున్నాను, అదీ మా డిపార్ట్‌మెంటు పరిశోధక విద్యార్థుల ప్రయాణ ఖర్చులకని రాసి మరీ. ఎప్పుడైనా ఇస్తే మీరూ అలాగే ఎందుకోసమో రాసివ్వండి. పెద్దవాళ్లు చేసేదీ అదే. రతన్ టాటా కార్నెల్‌లో ఆర్కిటెక్చర్ చదివారు, 1962లో పట్టా. 2008లో టాటా ట్రస్టు కార్నెల్‌కి 5 కోట్ల డాలర్లిచ్చినప్పుడు, సగం అక్కడ చదివే భారతీయ విద్యార్థుల స్కాలర్‌షిప్పులకని కేటాయించింది.

ఇవ్వలేకపోతే మానేయండి. మీ వల్ల అయ్యే పని ఇంకోటుంది. అక్కడ సీటొచ్చిన మన పిల్లలతో గంటసేపు మాట్లాడండి. ఏ ప్రొఫెసరు దగ్గర నిధులున్నాయి, బస్సు లేని వీధిలో గది తీసుకుంటే జనవరి మంచులో ఏమవుతుంది, ఆ ఊళ్లో నిజంగా నెలకెంత ఖర్చవుతుంది – ఇవి కన్సల్టెన్సీవాళ్లు చెప్పరు, చాలామందికి తెలియవు కూడా. డిపార్ట్‌మెంటుకి ఒక మెయిల్ రాసి, తెలుగు పిల్లలెవరైనా సందేహాలుంటే నన్నడగొచ్చని చెప్పండి.

ప్రశ్న: నేను చదివిన విదేశీ యూనివర్సిటీకి విరాళమిస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రాదు. 80జి పేరుతో తెలిసిన పన్ను మినహాయింపు మన దేశంలో నెలకొల్పిన సంస్థలకిచ్చే విరాళాలకే. పంపడానికి మాత్రం అభ్యంతరం లేదు. విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపొచ్చు, విరాళాలూ అందులోకే వస్తాయి. మీరు, నేను ఆ హద్దు దాటే భయం లేదు. అమెరికాలోనే స్థిరపడిన మిత్రులుంటే, ఉద్యోగి ఇచ్చినంతకి సమానంగా కంపెనీ కూడా ఇస్తుందేమో కనుక్కోమనండి. చాలా కంపెనీల్లో ఆ పద్ధతి ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి బ్రిటన్‌లో ఎమ్మెస్సీ చేసొచ్చి ఆరేళ్లయింది. పీహెచ్‌డీకి రికమెండేషన్ లెటర్ కావాలి. ఇన్నేళ్లలో ప్రొఫెసరుకి ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ఏ మొహంతో అడగాలని నామోషీ పడుతున్నాడు.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: నామోషీ ఎందుకండీ? పాత విద్యార్థులు ఇలా హఠాత్తుగా తేలడం ప్రొఫెసర్లకి అలవాటే. పొగడ్తలు, క్షమాపణలు పేజీ నిండా వద్దు. ఏ ఏడాది, ఏ కోర్సు, డిసర్టేషన్ శీర్షిక ఏమిటి, ఎన్ని మార్కులు – మొదటి నాలుగు వాక్యాల్లో ఇవి వచ్చేయాలి. తర్వాత ఇప్పుడేం చేస్తున్నాడు, ఏ యూనివర్సిటీలకి పెడుతున్నాడు, ఆఖరు తేదీలేమిటి. పాత డిసర్టేషన్ జతచేస్తే మంచిది, అది చూడగానే మనిషి గుర్తొస్తాడు. కనీసం నెల ముందు అడగాలి. క్రిస్మస్ వారంలో అడిగితే జవాబు జనవరికే. ఆయన అక్కడ లేకపోతే ఎక్కడున్నారో డిపార్ట్‌మెంటు ఆఫీసువాళ్లు చెబుతారు. రెండు వారాల్లో ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకోసారి రాయొచ్చు, తప్పులేదు.

అన్నట్టు, మెయిల్ అబ్బాయే రాయాలండీ, మీరు కాదు.