ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్: లిస్ట్ చుట్టూ వచ్చే అదనపు ట్యాగ్‌ను తీసేయడం ఎలా?

సీ షార్ప్‌లో ఆబ్జెక్ట్‌ను సీరియలైజ్ చేస్తే (అంటే దానిలోని విలువలను ఎక్స్‌ఎంఎల్ ట్యాగ్‌ల రూపంలో రాస్తే) లిస్ట్ చుట్టూ మీరు కోరని ట్యాగ్ ఒకటి వస్తోందని, ఫైలు అందుకునే సాఫ్ట్‌వేర్ దానిని స్వీకరించడం లేదని అడిగారు. అమ్మకాల వివరాలను ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం రాస్తున్నప్పుడు నాకూ ఇదే చిక్కు ఎదురైంది. ట్యాలీ వోచర్‌లో (ఒక లావాదేవీ నమోదులో) ‘ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్ డాట్ లిస్ట్’ అనే ట్యాగ్, పద్దులు ఎన్ని ఉంటే అన్నిసార్లు, నేరుగా వోచర్ ట్యాగ్ కిందే రావాలి. నేను క్లాసులో ‘ఎంట్రీస్’ అనే లిస్ట్ ప్రాపర్టీ పెట్టడంతో ఫైలులో ఎంట్రీస్ అనే ట్యాగ్, దాని లోపల క్లాసు పేరుతో ఒక్కో పద్దు వచ్చాయి. మొదట ఆ ట్యాగ్‌ను స్ట్రింగ్ రీప్లేస్‌తో తొలగించాను; మరో స్థాయిలో అదే పేరు గల లిస్ట్ చేర్చవలసి వచ్చిన రోజున ఆ పద్ధతి విఫలమైంది.

సరైన పరిష్కారం చాలా చిన్నది. లిస్ట్ ప్రాపర్టీ మీద ‘ఎక్స్‌ఎంఎల్ ఎలిమెంట్’ అనే సీ షార్ప్ యాట్రిబ్యూట్ (చదరపు బ్రాకెట్లలో రాసే సూచన) ఉంచి, అందులో మీకు కావలసిన ట్యాగ్ పేరు ఇస్తే, చుట్టూ ఉన్న ట్యాగ్ పోయి ప్రతి అంశమూ ఆ పేరుతో నేరుగా వస్తుంది. చుట్టూ ట్యాగ్ ఉండాలి కానీ పేర్లు మారాలి అంటే బయటి పేరుకు ‘ఎక్స్‌ఎంఎల్ అర్రే’, లోపలి పేరుకు ‘ఎక్స్‌ఎంఎల్ అర్రే ఐటెమ్’ వాడాలి. వోచర్ రకం వంటి విలువ ట్యాగ్ లోపల కాక, ఆరంభ ట్యాగ్‌లోనే ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్‌గా (పేరు="విలువ" రూపంలో) రావాలంటే ‘ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్’ ఉంది.

ఎక్కువ సమయం తీసుకున్నది విలువల రూపం. ట్యాలీ అవును, కాదులను ‘యెస్’, ‘నో’ అని రాస్తుంది. సీరియలైజర్ బూలియన్‌ను ‘ట్రూ’, ‘ఫాల్స్’ అనే రాస్తుంది. తేదీ కూడా అంతే: 2024 ఏప్రిల్ 1ని ట్యాలీకి 20240401 అని ఇవ్వాలి, సీరియలైజర్ మాత్రం మధ్యలో గీతలతో, సమయంతో సహా రాస్తుంది. అసలు ప్రాపర్టీ మీద ‘ఎక్స్‌ఎంఎల్ ఇగ్నోర్’ ఉంచి, దాని పక్కనే కావలసిన రూపంలో విలువనిచ్చే స్ట్రింగ్ ప్రాపర్టీ ఒకటి రాసి, అసలు ట్యాగ్ పేరు దానికి ఇచ్చాను. ఇలాంటివి నాలుగైదు చేరేసరికి వ్యాపార లెక్కలు చేసే క్లాసు గందరగోళంగా మారింది కనుక, ఫైలు ఆకృతిని అచ్చంగా పోలిన వేరే క్లాసులు రాసి, విలువలను వాటిలోకి కాపీ చేశాను. మీకూ మొదటి నుంచే ఆ దారి పట్టమని గట్టిగా చెబుతాను.

ట్యాగ్‌ల వరుస ముఖ్యమైతే ‘ఆర్డర్’ సంఖ్య ఇవ్వవచ్చు, కానీ ఒక ఎలిమెంట్‌కు ఇస్తే ఆ క్లాసులోని ఎలిమెంట్‌లన్నిటికీ ఇవ్వాలి, లేకపోతే సీరియలైజర్‌ను సృష్టించేటప్పుడే ఎర్రర్ వస్తుంది. నల్ స్ట్రింగ్‌కు ట్యాగ్ రాదు. సున్నా విలువ గల సంఖ్యకూ ట్యాగ్ వద్దనుకుంటే, ‘షుడ్‌సీరియలైజ్’ తర్వాత ప్రాపర్టీ పేరు కలిపి, బూలియన్ తిరిగి ఇచ్చే పబ్లిక్ మెథడ్ రాయండి.

స్ట్రింగ్‌రైటర్‌లోకి రాస్తే మొదటి వరుసలో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) యూటీఎఫ్-16 అని పడుతుంది. ఆ స్ట్రింగ్‌ను యూటీఎఫ్-8 ఫైలుగా భద్రపరిస్తే ప్రకటన ఒకటి, బైట్లు మరొకటి అవుతాయి. అందుకే ఎన్‌కోడింగ్ నిర్దేశించిన ఎక్స్‌ఎంఎల్ రైటర్ ద్వారా నేరుగా స్ట్రీమ్‌లోకి రాయండి. రూట్ ట్యాగ్‌లో కనిపించే ఎక్స్‌ఎస్‌ఐ, ఎక్స్‌ఎస్‌డీ నేమ్‌స్పేస్‌లు వద్దనుకుంటే, ఖాళీ పేరు, ఖాళీ విలువ చేర్చిన ‘ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ నేమ్‌స్పేసెస్’ ఆబ్జెక్ట్‌ను సీరియలైజ్ మెథడ్‌కు ఇవ్వండి.

క్లాసు సోర్సు మీ చేతిలో లేకపోతే ‘ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్ ఓవర్‌రైడ్స్’ ఉపయోగపడుతుంది. అయితే అలా సృష్టించిన సీరియలైజర్‌ను డాట్‌నెట్ తనంతట తాను క్యాష్ చేయదు, అంటే మళ్లీ వాడుకోవడానికి దాచి ఉంచదు. ప్రతిసారీ కొత్త అసెంబ్లీ (కంపైలైన కోడ్ కట్ట) తయారై మెమరీలో పేరుకుపోతుంది కనుక, ఒక్కసారే సృష్టించి స్టాటిక్ ఫీల్డ్‌లో దాచుకోండి.