ఆ ఎంపీకి ఫైలు ఇవ్వరమ్మా

తిరుపతి

గిరిజా,

నీ నవల రెండు రాత్రుల్లో చదివేశాను. కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని మరీ చదివాను, అంటే కథ నడిచిందనే లెక్క. తొమ్మిదో అధ్యాయంలో మాత్రం ఆగిపోయాను. మీ చిత్తూరు ఎంపీ ఢిల్లీలో మన విదేశీ నిఘా సంస్థ 'రా' ఆఫీసుకు పోయి, బల్ల గుద్ది ఫైలు తెప్పించుకుంటాడు. అట్లా జరగదమ్మా. గేటు దగ్గరే ఆపేస్తారు. ఆపినవాణ్ణి తప్పుపట్టలేం, ఎంపీకి ఆ ఫైలు చూపించాలని ఏ చట్టంలోనూ రాసిలేదు.

'రా' పుట్టింది 1968లో. దేశం లోపలి నిఘా చూసే ఇంటెలిజెన్స్ బ్యూరో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిది. రెండింటినీ పుట్టించిన పార్లమెంటు చట్టమంటూ ఏదీ లేదు. 1985లో చేసిన చట్టం కూడా అక్కడి ఉద్యోగులు సంఘాలు పెట్టుకోకుండా, పత్రికలతో మాట్లాడకుండా కట్టడి చేసేదే. అమెరికాలో సెనేట్ వేసిన చర్చ్ విచారణ కమిటీ నిఘా సంస్థల నిర్వాకాలు బయటపెట్టాక, 1976లో సెనేట్ వాటిని కనిపెట్టి ఉండే శాశ్వత కమిటీ వేసుకుంది. బ్రిటన్ 1994లో అట్లాంటి కమిటీకి చట్టం చేసుకుంది. మన దగ్గర 2011లో మనీశ్ తివారీ ఇలాంటి ప్రైవేటు బిల్లే, అంటే మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు, పెట్టారు, అదీ అధికార పార్టీ ఎంపీగా ఉండి. చట్టం కాలేదు. 1970 తర్వాత ఏ ప్రైవేటు బిల్లూ రెండు సభలూ దాటలేదులే.

మంత్రి పదవీ ప్రమాణంతో పాటు గోప్యతా ప్రమాణం కూడా చేస్తాడు. ఎంపీ చేసే ప్రమాణంలో గోప్యత మాటే ఉండదు. ప్రమాణం చెయ్యనివాడికి రహస్యం ఎట్లా చెప్పేదని అధికారి. చెప్పని రహస్యానికి ప్రమాణం దేనికని ఎంపీ. ఇద్దరి మాటా సబబుగానే ఉంది చూడు. వాళ్ళిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి రాయి. అధికారిని దుర్మార్గుణ్ణి చెయ్యకు. ఒక పేరు బయటికి పొక్కితే ఎక్కడో ఒక మనిషి ప్రాణం పోతుందన్న భయం అతనికి నిజంగానే ఉంటుంది.

నేను చిత్తూరులో విలేకరిగా ఉన్న రోజుల్లో ఒక ఎంపీ ఇంటికి తెల్లారి ఆరింటికే పోయేవాణ్ణి. పేరు వద్దు. వరండాలో చెరకు బకాయిల రైతులు, పెన్షన్ల ముసలివాళ్ళు, కొండ మీద దర్శనానికి సిఫార్సు లెటర్లు కావలసినవాళ్ళు. నిఘా సంస్థల ఖర్చు గురించి సభలో ఎందుకడగరని ఒకరోజు అడిగేశాను. ఆయన లెటర్ల మీద సంతకాలు పెడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అబ్బోడా, పొద్దున్నుంచి ఇది పద్దెనిమిదో లెటరు. వీళ్ళలో ఒక్కరన్నా ఆ మాట అడిగినారా?" నాకు ఒళ్ళు మండింది. ఘాటుగా వార్త రాస్తే డెస్కులో ఎవరో పక్కన పడేశారు. మంచిపనే చేశారు, అందులో కోపం తప్ప ఏమీ లేదు. సంతకాలు పెట్టే ఆ చెయ్యి నా వార్తలో లేదు, నీ నవలలోనూ లేదు.

మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మన తిరుచానూరులోనే పుట్టారు. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి గెలిచారు. లోక్‌సభ స్పీకరు అయ్యారని అందరికీ తెలుసు. 1950లో పార్లమెంటు అంచనాల సంఘం పుట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే, ఇది ఎవరికీ గుర్తుండదు. సర్కారు పద్దును పట్టి పట్టి చదివే పని అది. నీ ఎంపీ చేత కూడా పద్దు పుస్తకం తెరిపించు. హోం శాఖ పద్దులో ఇంటెలిజెన్స్ బ్యూరోకు ఒక వరస ఉంటుంది, ఎదురుగా ఒక మొత్తం ఉంటుంది. ఆ డబ్బు ఏ ఊళ్ళో ఎవరి చేతికి పోయిందో ఉండదు. 'రా' కోసం వెతికితే ఆ పేరుతో వరసే దొరకదు. వేలు పెట్టి వెతుకుతున్న మనిషిని చూపిస్తే చాలు, బల్ల గుద్దనక్కర్లేదు.

కార్గిల్ యుద్ధం తర్వాత, ఆ యుద్ధం దాకా ఎట్లా వచ్చిందో పరిశీలించిన కె. సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక 2000లో పార్లమెంటు ముందుకొచ్చింది, కొన్ని భాగాలు తీసేసి. మన జిల్లా నుంచి సైన్యంలోకి పోయిన పిల్లలు ఎంతమందో. అట్లాంటి ఇంటికి పరామర్శకు పోయొచ్చిన రాత్రి, నీ ఎంపీ ఆ నివేదిక తిరగేస్తూ తీసేసిన చోటికి వస్తాడనుకో. కొత్త తొమ్మిదో అధ్యాయం అక్కడ మొదలుపెట్టి చూడు.

వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను. రాసినంతవరకూ తీసుకురా. ఈసారి లైను లైనుకీ మధ్య కాస్త ఖాళీ వదులు తల్లీ, నా కళ్ళజోడు పాతది.

మీ మామయ్య