పెనుకొండకు కియా ఎందుకు వచ్చింది, శ్రీకాకుళానికి ఎందుకు రాలేదు

భూమి ఉంది, సముద్రం ఉంది, చదువుకున్న పిల్లలున్నారు, అయినా శ్రీకాకుళానికి విదేశీ కంపెనీలు ఎందుకు రావడం లేదు, రాయితీలు చాలకనా అని అడిగారు. రాయితీల దగ్గర మొదలుపెడితే దీనికి జవాబు దొరకదని నా అనుభవం.

మాది హిందూపురం. ఏడేళ్లు చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఒక కొరియా కార్ల విడిభాగాల కంపెనీ స్టోర్స్‌లో పనిచేశాను. 2018లో వాళ్లే పెనుకొండ దగ్గర షెడ్డు వేస్తే, ఇంటికి దగ్గరని ఇటు వచ్చేశాను. అప్పటికి పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ లేస్తోంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 536 ఎకరాలు, సుమారు 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్లు. రాయితీలిచ్చి తెచ్చారని మావైపు అందరూ అనేవాళ్లు. ఇచ్చారు, నిజమే. కానీ అంత పెద్ద ఫ్యాక్టరీ వస్తానంటే రాయితీలు ఇవ్వం అనే రాష్ట్రం ఏది?

అసలు సంగతి నాకు ఒక రాత్రి అర్థమైంది. మొదట్లో మాకు కొన్ని భాగాలు శ్రీపెరుంబుదూరు నుంచే వచ్చేవి. సుమారు 400 కిలోమీటర్లు. సాయంత్రం లోడు ఎత్తితే తెల్లారేసరికి గేటు దగ్గర ఉండాలి. ఆ రోజు కోలారు దాటాక లారీ ఇరుసు విరిగింది. డ్రైవరు ఫోను చేసేసరికి తెల్లవారుజామున మూడు. మా కొరియా మేనేజరు స్టోర్స్‌లోకొచ్చి, బిన్నులో మిగిలిన బ్రాకెట్లు ఒక్కొక్కటీ చేత్తో తీసి లెక్కపెట్టాడు. షిఫ్టు మొదలయ్యాక మూడు గంటలకు సరిపోతాయి. ఆ తర్వాత లైను ఆగుతుంది. రెండు బొలెరో పికప్పులు పంపి, రోడ్డు మీదే సరుకు మార్చి తెచ్చాం. చివరి బ్రాకెట్టు బిగించడానికి నలభై నిమిషాల ముందు చేరింది.

హ్యుందాయ్ 1996లో శ్రీపెరుంబుదూరుకు వచ్చింది, 1998లో శాంత్రో తెచ్చింది. దాని వెనకే కొరియా విడిభాగాల కంపెనీలు వరసగా దిగి, కియా వచ్చేనాటికి ఇరవై ఏళ్లుగా అక్కడే పాతుకుపోయి ఉన్నాయి. కియా వాళ్లదీ అదే గ్రూపు. కొత్త ఫ్యాక్టరీకి ఆ పాత చుట్టాలు లారీకి ఒక్క రాత్రి దూరంలో ఉండాలి. మొదటి జల్లెడ అదే. ఆ దూరంలో 44వ నంబరు హైవే మీద, బెంగళూరు విమానాశ్రయానికి రెండు గంటల్లో వెళ్లగలిగేలా, ఒక్కచోట వందల ఎకరాలు దొరికే ఊరు పెనుకొండ. ఇక నీళ్లు. దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో మా ఉమ్మడి అనంతపురం ఒకటి. హంద్రీ-నీవా కాలువలో వచ్చే కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరకపోతే ఇవన్నీ ఉన్నా ఆ కంపెనీ ఇటు చూసేది కాదని నా నమ్మకం.

రాష్ట్రం పేరు కన్నా చుట్టుపక్కల ఏముందన్నదే ముఖ్యం. తమిళనాడు సరిహద్దులో ఉన్న మన పారిశ్రామికవాడ శ్రీసిటీనే చూడండి. ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీలున్న నేల మనది. కానీ చెన్నై అక్కడికి 55 కిలోమీటర్లే. ఆ కంపెనీలు వాడుకునే రేవులూ, విమానాశ్రయమూ అటువైపే.

పనిని బట్టి కంపెనీని లాగే కారణమూ మారుతుంది. తడలో అపాచీ బూట్లకూ, అచ్యుతాపురంలో శ్రీలంక వాళ్ల బ్రాండిక్స్ బట్టలకూ కావలసింది వేల చేతులు, అందులోనూ ఆడవాళ్లవి. హైదరాబాద్ మందుల పరిశ్రమకు వేరు 1961లో పెట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్. అక్కడ పని నేర్చినవాళ్లు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. విదేశీ కంపెనీలు వచ్చేనాటికి పని తెలిసిన మనుషులు అక్కడ సిద్ధంగా ఉన్నారు.

ఒక జాగ్రత్త. రాష్ట్రాలవారీ విదేశీ పెట్టుబడుల పట్టిక చూసి మరీ నిరాశపడకండి. డబ్బు తరచుగా కంపెనీ రిజిస్టరైన చోట లెక్కకొస్తుంది. ఆఫీసు ముంబయిలో, ఫ్యాక్టరీ ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు.

మీ జిల్లా సంగతికొస్తే, కార్ల ఫ్యాక్టరీ కోసం ఎదురుచూడటం కన్నా పైడిభీమవరంలో ఇప్పటికే ఉన్న మందుల కంపెనీలు ఏ ముడిసరుకు ఎక్కణ్నుంచి తెప్పించుకుంటున్నాయో చూడటం మేలు. దాన్ని అమ్మే విదేశీ కంపెనీకి మీ దగ్గరికి రావడానికి కారణం ఉంటుంది. మూలపేట పోర్టు పని 2023లో మొదలైంది. భోగాపురం విమానాశ్రయం పక్క జిల్లాలోనే. వీటి నుంచి మీ పారిశ్రామికవాడ గేటు దాకా లారీకి ఎన్ని గంటలు, మధ్యలో ఎక్కడ ఆగుతుంది, ముందు ఆ లెక్క తీయండి.

ఇంకొకటి చెప్పాలి. మా షెడ్డులో వెల్డింగు లైను మొదలైనప్పుడు పని తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల దొరక్క తమిళనాడు నుంచి తెచ్చుకున్నాం. వాళ్లతో పాటు ముగ్గురు మీ జిల్లా పిల్లలే వచ్చారు, ఐటీఐ చేసి తమిళనాడులోని ఒరగడం అనే ఊళ్లో పని నేర్చినవాళ్లు. ఒకతనిది టెక్కలి. ఇప్పుడు లైను మొత్తం అతనే చూస్తున్నాడు. పండక్కి ఊరెళ్లాలంటే ఒకటిన్నర రోజు ప్రయాణం.